మూడు నిమిషాల్లో చాయ్ అయితదా

"గిది మైలేజ్ ఎంతిస్తది బిడ్డా?"

మా రేసు కారును చూసిన మొదటి బయటి మనిషి అడిగిన మొదటి ప్రశ్న ఇది. అడిగింది వరంగల్ హంటర్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్ వాచ్‌మన్ తాత. 2023 డిసెంబర్ 17, రాత్రి పదకొండు దాటింది. ఇంజనీరింగ్ చదివే పదిహేడు మందిమి పది నెలలు గీసి, కోసి, అతికించిన బండి అప్పుడే మొదటిసారి తనంతట తాను నాలుగు గజాలు కదిలింది. ఇంజనుకు పోయే గాలిని బిగబట్టే రెస్ట్రిక్టర్ గురించి, సస్పెన్షన్ గురించి చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ ఆయన అడిగింది అది కాదు కదా. "తెల్వది తాతా" అన్నాను.

"మైలేజ్ తెల్వకుంట బండెట్ల జేసిన్రు?" అని బీడీ వెలిగించుకున్నాడు.

ఈ పిచ్చి పట్టింది ఆ ఏడాది ఫిబ్రవరి 11న. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ, అంటే కరెంటు కార్ల రేసంటే కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి నలుగురం పోయాం. 2013లో బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన ఎఫ్-1 తర్వాత ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయి కార్ల రేసు మన దేశంలో జరగడం మళ్లీ అప్పుడే. ట్రాకు 2.8 కిలోమీటర్లు, మలుపులు 18. మేం కొన్న చవక టికెట్టుకు కనపడింది ఒక్క మలుపు. కారు వస్తుంది, వంగుతుంది, పోతుంది, అంతా కలిపి రెండు సెకన్లు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడనీ, నిక్ క్యాసిడీ రెండోవాడనీ పక్కవాడి ఫోన్లో చూసి తెలుసుకున్నాం. అయినా తిరుగు రైల్లో జనగామ దాటేసరికి మాలో ఒకమ్మాయి, మహబూబాబాద్ పిల్ల, "మనం గూడ ఒకటి జేద్దాంరా" అనేసింది. అన్న పాపానికి తర్వాత రెండేళ్లు ఆమే మా కెప్టెన్.

చేయడమంటే ఫార్ములా-ఈ కారు కాదు లెండి. ఇంజనీరింగ్ విద్యార్థులకని ఫార్ములా స్టూడెంట్ పోటీలున్నాయి. 1981లో అమెరికాలోని టెక్సస్‌లో ఫార్ములా ఎస్ఏఈ పేరుతో మొదలై దేశదేశాలకు పాకాయి. మన దగ్గర ఫార్ములా భారత్ పేరుతో జనవరిలో కోయంబత్తూరులో జరుగుతుంది. కారు మీరే డిజైన్ చేయాలి, మీరే కట్టాలి, మీరే నడపాలి. ముందు వచ్చినవాడికి కప్పు అనుకుంటే పొరపాటు. డిజైన్ ఎందుకలా చేశారో జడ్జీలకు చెప్పాలి, ఖర్చు లెక్క ఒప్పజెప్పాలి, వ్యాపారం ప్లాను వినిపించాలి. ఆ తర్వాతే ట్రాకు మీద పరీక్షలు. అన్నీ కలిపి 1000 మార్కులు. వాటిలో అన్నిటికన్నా పెద్ద ముద్ద ఎండ్యూరెన్స్‌ది. 22 కిలోమీటర్లు ఆగకుండా నడవాలి. సరిగ్గా చెప్పాలంటే ఒక్కసారి ఆగాలి, సగం దూరంలో డ్రైవరు మారడానికి. దానికిచ్చేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల గురించే ఇదంతా రాస్తున్నా.

రూల్స్ పుస్తకంలో ఇంజను 710 సీసీ దాటొద్దని ఉంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంజను పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల సందులోంచే పోవాలి, అంటే దాదాపు రూపాయి బిళ్లంత. ఆ సందులో గాలి శబ్దవేగాన్ని అందుకుందా, ఆపైన ఎంత గుంజినా పిసరంత ఎక్కువ రాదు. నాలుగు సిలిండర్ల 600 సీసీ ఇంజను పెట్టినవాళ్లకు ఇది గొంతు మీద కాలేసినట్టే. మేం పెట్టింది కేటీఎం 390 బైకు ఇంజను. 373 సీసీ, ఒకటే సిలిండరు. మా బాధ వేరు. ఒంటి సిలిండరు నీళ్లు తాగినట్టు ధారగా పీల్చదు, గుటకలు వేస్తుంది. గుటకకూ గుటకకూ మధ్య సందు ఖాళీగా ఉంటుంది, గుటక పడ్డప్పుడు చాలదు. అందుకని రెండిటి మధ్యా గాలి నిలవుండే డబ్బా ఒకటి పెట్టాలి. ఆ డబ్బా ఎంత పెద్దదుండాలన్న దాని మీద మా హాస్టల్లో జరిగిన కొట్లాటలు ఏ అన్నదమ్ముల పంపకాల్లోనూ జరిగుండవు.

మొత్తం ఖర్చు 6 లక్షల 80 వేలు. తలా పన్నెండు వేలు వేసుకున్నాం, కాలేజీ కొంత ఇచ్చింది, మిగతాది అడుక్కున్నాం. ఎఫ్-1లో ఆ ఏడాది ఒక్కో జట్టు ఖర్చుకు పెట్టిన పరిమితి 13.5 కోట్ల డాలర్లు, అదీ డ్రైవర్ల జీతాలు కలపకుండా. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన రాసి మా షెడ్డు తలుపు మీద అతికించాడు ఒకడు.

పని పంచుకున్నప్పుడు అందరూ గాలితో కారును నేలకు నొక్కే రెక్కల మీద పడ్డారు. ముందు రెక్క, వెనక రెక్క, కింద ట్రే. ఫొటోలో పడేవి అవే. వైరింగు ఎవరికీ అక్కర్లేదు. మా నాన్న పరకాల నుంచి హన్మకొండకు ప్యాసింజర్ ఆటో నడుపుతాడు, వీడికి వైర్లు తెలిసుంటాయని నాకు అంటగట్టారు. బరువు 52 కిలోలు కాబట్టి రెండో డ్రైవరు కూడా నేనే అన్నారు. ఆ రెండు పనులూ ఒకడికే పడటం తర్వాత ఎంత దూరం పోయిందో చూడండి.

చాసీ వెల్డింగు జూలైలో మొదలుపెట్టాం. పైపుల చివర్లు చేప నోరులా కోసి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి ఆర్గాన్ వెల్డింగ్ చేయాలి. అన్నీ సరైన కోణంలో నిలబడాలంటే ఫిక్చరు కావాలి. ఇనుముతో చేసే పైసల్లేక ఎండీఎఫ్ చెక్కల్లో గాళ్లు కోయించి పెట్టుకున్నాం. చౌక, తేలిక, కొలతలు బ్రహ్మాండం. ఒకటే లోపం, దానికి నీళ్లంటే పడదు.

జూలై 27 మా జిల్లాలవాళ్లెవరూ మర్చిపోయే తారీకు కాదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మోరంచపల్లి ఊరే మునిగింది. హన్మకొండ, వరంగల్ కాలనీల్లో జనాన్ని పడవల్లో తెచ్చారు. ఊళ్లు కొట్టుకుపోయిన చోట మా షెడ్డు లెక్కలోకి రాదు, నాకు తెలుసు. మోకాళ్ల పైదాకా నీళ్లొచ్చాయి. మూడో రోజు తలుపు తీస్తే గోడ మీద బురద గీత, పైపుల మీద తుప్పు, ఎండీఎఫ్ చెక్కలు నానబెట్టిన అటుకుల్లా ఉబ్బి ఉన్నాయి. మాకు బుద్ధి ఉంటే అప్పుడే కొత్తవి కోయించాలి. ఎండబెట్టి వాడాం. ఆగస్టు చివర్లో కొలిస్తే ఎడమ వైపు సస్పెన్షన్ పాయింటు 11 మిల్లీమీటర్లు పక్కకు పోయింది. ఆటోనగర్‌లో మా లేత్ అన్న టేపు పెట్టి చూసి, "ట్రాలీకైతే నడుస్తది తమ్మీ" అన్నాడు. ఆ చాసీని ముక్కలు కోసింది కూడా ఆయన గ్రైండర్‌తోనే.

ఇక్కడ టెస్టింగ్ సంగతి చెప్పాలి. వరంగల్‌లో రేసు ట్రాకు లేదు. మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వే ఉంది, ఖాళీగా. అటు బస్సులో పోయినప్పుడల్లా పెళ్లికొడుకు పెళ్లికూతురు ఇంటికేసి చూసినట్టు చూసేవాళ్లం గానీ అందులో కారు దించే దారి మాకు లేదు. చివరికి మా జట్టులో ఒకడి మేనమామకు తెలిసిన ఫంక్షన్ హాలాయన, పార్కింగ్ సీసీ గచ్చు మీద తోలుకోండి, ముహూర్తాలు లేనప్పుడు మాత్రమే అన్నాడు. దాంతో మా టెస్టింగ్ క్యాలెండరు పంచాంగం అయింది. ఆ ఏడాది ఆషాఢం వెనకే అధిక శ్రావణం వచ్చింది, పెళ్లిళ్లు లేవు, హాలు ఖాళీ. మా దగ్గర కారు లేదు. భాద్రపదంలో హాలు ఖాళీ. మా దగ్గర చాసీ ముక్కలున్నాయి. బతుకమ్మకు, దసరాకు లేత్ బంద్. ఆయుధపూజ నాడు లేత్ అన్న మా రెండో చాసీకి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టాడు, అందులో ఇంకా ఇంజను లేదు. నవంబర్‌లో ఎన్నికలు. కోడ్ ఉన్నప్పుడు 50 వేలకు మించి నగదు జేబులో ఉంటే చెక్‌పోస్టులో లెక్క చెప్పాలి. సెకండ్ హ్యాండ్ టైర్లూ రిమ్ములూ అమ్మేవాడేమో నగదు తప్ప ముట్టనన్నాడు. ఇద్దరం చెరో నలభై వేలు పెట్టుకుని వేర్వేరు బస్సుల్లో హైదరాబాద్ పోయి, ఉప్పల్‌లో దిగి, ఒకరినొకరు కొత్తగా చూసినట్టు పలకరించుకున్నాం. తీరా కారు సిద్ధమయ్యేసరికి కార్తీకం, మార్గశిరం. రోజుకు రెండు పెళ్లిళ్లు. ధనుర్మాసం వచ్చాక గానీ గచ్చు మాకు దొరకలేదు.

ఆలస్యానికి సిగ్గుపడాల్సిన పని లేదని మా కెప్టెన్ ఒక కథ చెప్పేది. 2019లో విలియమ్స్ అంతటి ఎఫ్-1 జట్టు, వందలమంది ఉద్యోగులున్నవాళ్లు, కారు సమయానికి పూర్తికాక బార్సిలోనాలో మొదటి రెండున్నర రోజుల టెస్టింగ్ పోగొట్టుకున్నారు. ఆ ఏడాదంతా వాళ్లకొచ్చింది ఒక్కటంటే ఒక్క పాయింటు. ధైర్యం చెప్పడానికి ఇంతకన్నా పనికిమాలిన కథ ఉండదని అప్పట్లో నాకు తోచలేదు.

వాచ్‌మన్ తాత దగ్గరి ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లే మాకు కోన్లు. గాలొస్తే దొర్లిపోయేవి. చల్లటి రాత్రుల్లో రెండు మూడు గంటలు తోలేవాళ్లం. కారు మేం అనుకున్నదానికంటే మంచిగా పోయింది, అది చెప్పాలి. 232 కిలోల బండి, చిన్న స్టీరింగ్, నేలకు ఆనుకుని కూర్చుంటే ముప్పై స్పీడు కూడా అరవైలా ఉంటుంది. గేరు మార్చినప్పుడల్లా వీపు వెనక గోడను ఎవరో గుద్దినట్టుంటుంది. మూడో రాత్రి ఇంజను వేడెక్కింది. కూలెంట్ బుస్సుమని బయటికి తన్నింది. రేడియేటర్ విప్పి చూస్తే దాని సందుల్లో రంగు కాగితాలు, బంతిపూల రెక్కలు. పెళ్లికొడుకు ఊరేగింపులో పేల్చే పేపర్ బ్లాస్ట్ ఉంటుంది కదా, అది. రెండు నెలల ముహూర్తాలన్నీ ఆ గచ్చు మూలల్లో పోగుపడి ఉన్నాయి, మా కారు ఊడ్చుకు తిన్నది.

కాగితాలు తీసేశాం. అక్కడితో వదిలేసినా సరిపోయేది. నేను భయపడ్డాను. ఫ్యాను ఈసీయూ, అంటే ఇంజనును నడిపే చిన్న కంప్యూటరు, చెప్పినప్పుడు తిరగడం, ఆగడం ఎందుకు, ఎప్పటికీ తిరుగుతూనే ఉండనీ అని దాని వైరు తీసి నేరుగా బ్యాటరీకి కలిపేశాను. పది నిమిషాల పని. ఆ రాత్రి నుంచి వేడి సమస్య లేదు. అందరూ భుజం తట్టారు. మెయిన్ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ, ఇంజను ఆగి ఉన్నా కూడా, ఆ ఫ్యాను బ్యాటరీని తాగుతూనే ఉంటుందన్నది నా తలకు రాలేదు. అసలే ఆ బ్యాటరీ చిన్నది, రెండు కిలోలు మిగుల్తాయని నేనే పట్టుబట్టి తెప్పించిన లిథియం బ్యాటరీ.

మరి టెస్టింగ్‌లో బయటపడలేదా అంటారు. పడలేదు, ఎందుకంటే మేం చాయ్ తాగేవాళ్లం. ఒక డ్రైవరు దిగగానే కారు ఆపి, మెయిన్ బంద్ చేసి, బ్యాటరీకి చార్జర్ తగిలించి, గేటు బయట బండి మీద చాయ్‌కి పోయేవాళ్లం. ఇరవై నిమిషాలు, ముచ్చట్లు ముదిరితే నలభై. వచ్చి సెల్ఫ్ నొక్కితే ఇంజను ఒక్క దెబ్బకు లేచేది. డ్రైవర్ మార్పు ప్రాక్టీస్ చేశాం అని మా చెక్‌లిస్టులో టిక్కు కూడా ఉంది. పోయేనాటికి కారు మొత్తం తిరిగింది 61 కిలోమీటర్లు. ఒక్కసారి కూడా వేడి ఇంజనును మూడు నిమిషాల్లో లేపి చూడలేదు.

సంక్రాంతి పోయాక కారును డీసీఎం ఎక్కించాం. కోయంబత్తూరు నుంచి వరంగల్ దుకాణాలకు మోటార్ పంపులు తెచ్చే డ్రైవరు, పోయేటప్పుడు ఖాళీయే కదా అని కిరాయి తగ్గించాడు. మేం వరంగల్ స్టేషన్లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, స్లీపర్‌లో పదకొండు మందికి ఏడు బెర్తులు.

పోటీ జరిగే కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్ల ట్రాకు. దాని పేరు కరివరదన్‌ది. 1980ల చివర్లో మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు రేసు కార్లు తయారు చేసిన కోయంబత్తూరు మనిషి ఆయన, 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. మన దేశం నుంచి మొదట ఎఫ్-1కు పోయిన నారాయణ్ కార్తికేయన్‌ది కూడా ఆ ఊరే. ఈ వివరాలన్నీ నాకు గేటు దగ్గర క్యూలో మా కెప్టెన్ చెప్పింది. క్యూ అంత పొడుగుంది.

ముందు ఇన్‌స్పెక్షన్. అన్ని పరీక్షలూ పాసై స్టిక్కర్లు పడితే గానీ ట్రాకు ముట్టుకోనివ్వరు. డ్రైవరు బెల్టులన్నీ బిగించుకుని కూర్చుని, అయిదు సెకన్లలో బయటపడాలి. నేను నాలుగులో దూకాను, మా వెనక జట్టువాళ్లు చప్పట్లు కొట్టారు. టిల్ట్ టేబుల్ మీద పొడుగు డ్రైవర్ను కూర్చోబెట్టి కారును 60 డిగ్రీలు పక్కకు వంచారు. చుక్క కారొద్దు, చక్రం లేవొద్దు. మా పొడుగోడు కళ్లు మూసుకుని కొమురెల్లి మల్లన్నకు మొక్కుకోవడం అందరికీ కనపడింది. మేం ఇరుక్కున్నది బ్రేక్ టెస్టులో. స్పీడు మీద వచ్చి తొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కసారే బిగుసుకోవాలి. మావి ముందువి రెండూ జారుతున్నాయి, వెనకవి హాయిగా తిరుగుతున్నాయి. పెడల్ దగ్గర బ్యాలెన్స్ బార్ మరను సగం చుట్టు తిప్పడం, పోయి తొక్కడం. మళ్లీ సగం చుట్టు. నాలుగోసారికి నాలుగు నల్ల గీతలు పడ్డాయి. ఆ గీతల ఫొటో ఇప్పటికీ మా జట్టు గ్రూపు డీపీ.

డిజైన్ పరీక్షలో జడ్జి మా వెనక రెక్క చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. ఇది యాభై స్పీడులో ఎంత ఒత్తిడిస్తుంది అన్నాడు. కంప్యూటర్లో వచ్చిన అంకె చెప్పాం. కొలిచారా అన్నాడు. లేదన్నాం. దీనికి ఎన్ని రోజులు పట్టింది అంటే ఐదు వారాలు అన్నాం. వైరింగ్‌కు? అందరూ నా దిక్కు చూశారు. రెండు రాత్రులు అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు. తర్వాత ఒక్క మాటన్నాడు, 2022లో మెర్సిడెస్ వాళ్ల డబ్ల్యూ-13 కారు ఎగిరెగిరి పడే జబ్బు విండ్ టన్నెల్లో కనపడలేదు, ట్రాకు మీదికి వచ్చాకే కనపడింది, గుర్తుందా అని. గుర్తుంది. అప్పటిదాకా వరుసగా ఎనిమిదేళ్లు జట్ల చాంపియన్‌షిప్ గెలిచినవాళ్లు ఆ ఏడాది గెలిచింది ఒకే ఒక్క రేసు, బ్రెజిల్‌లో. మేం తలలూపాం. ఆయన మా కారులో ఏదో చూసే అన్నాడని ఇప్పటికీ నా అనుమానం.

యాక్సిలరేషన్ 75 మీటర్లు 5.1 సెకన్లు, మొదటిసారికి పర్వాలేదు. ఆటోక్రాస్, అంటే గడియారం మీద ఒక్క చుట్టు పరుగు, అది కూడా గడిచింది. ఎండ్యూరెన్స్ నాడు మధ్యాహ్నం ఎండ, కోయంబత్తూరు జనవరి ఎండ కూడా ఎండే. పొడుగోడు పదకొండు కిలోమీటర్లు ఒక్క కోను తగలకుండా నడిపాడు. లోపలికొచ్చి ఆపాడు. నేను హెల్మెట్‌తో సిద్ధంగా ఉన్నా. వాడు దిగాడు, నేను దూకాను, బెల్టులు బిగించారు, సీటు వెనక మెత్త పెట్టారు. రెండు నిమిషాల పది సెకన్లు. మా కెప్టెన్ ముఖంలో నవ్వు. నా వెనక ఫ్యాను రయ్యిమంటూనే ఉంది, మంచిదే కదా అనుకున్నాను.

సెల్ఫ్ నొక్కాను. ఇంజను ఒక్క చుట్టు మూలిగింది, డాష్ లైటు ఆరి వెలిగింది. మళ్లీ నొక్కాను. మళ్లీ ఆరి వెలిగింది. మూడోసారి మూలుగు కూడా లేదు, టక్ అని రిలే చప్పుడు. నాకు అప్పుడే అర్థమైంది, ఆ లైటు ఎందుకారుతోందో. వైర్లు నావి కదా. ఫ్యాను వైరు పీకాలని చెయ్యి వెనక్కి పోయింది, బెల్టులు పోనివ్వలేదు. బయటినుంచి ఎవరూ ముట్టుకోవద్దు, తోయొద్దు. ఇంకో రెండుసార్లు నొక్కాక ఆఫీసరు చేతులు అడ్డంగా ఊపాడు. కారును పక్కకు తోసుకుపోయారు, నేను లోపలే కూర్చుని ఉన్నాను. పల్లకీలా.

సాయంత్రం డేటా తీసి చూశాం. ఇంజను ఆగిన మొదటి సెకను నుంచి వోల్టేజీ మెట్లు దిగినట్టు దిగింది. సెల్ఫ్ నొక్కినప్పుడు 8 కిందికి. ఆ వోల్టేజీలో ఈసీయూ తనను తాను బంద్ చేసుకుంటుంది, మళ్లీ మొదలవుతుంది, స్పార్కు ఇవ్వడానికి దానికి తీరికెక్కడిది? ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పొడుగోడు మాత్రం "చాయ్ తాగొస్తె లేస్తుండెనేమోరా" అన్నాడు. నిజంగానే ఇరవై నిమిషాల తర్వాత చార్జర్ పెట్టి నొక్కితే ఒక్క దెబ్బకు లేచింది.

రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. విషయమంతా విన్నాడు. "సెల్ఫ్ సక్కగ లేని బండిని నడిమిట్ల బంద్ జేస్తరారా ఎవలన్న" అన్నాడు. బంద్ చేయాలని రూలుంది నాన్నా అన్నాను. "మొత్తం ఎంత దూరం?" ఇరవై రెండు కిలోమీటర్లు. కాసేపు ఏం మాట్లాడలేదు. "గంతేనా? పరకాల నుంచి ఎల్తె హన్మకొండ గూడ రాదు గదరా" అన్నాడు.

కారు పంపుసెట్ల పెట్టెల పక్కన కూర్చుని వరంగల్ వచ్చింది.

రెండో కారు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జూనియర్లు వచ్చారు, ఫిక్చరు ఇనుముతో చేశాం, వెనక రెక్క తీసేశాం. దాని మీద రెండు రోజులు కొట్లాట అయింది, తీసేశాక ఎవరికీ గుర్తు రాలేదు. పాతదానికంటే 1.8 కిలోలు ఎక్కువ బరువున్న బ్యాటరీ పెట్టాను. ఫ్యాను మళ్లీ ఈసీయూ చేతికిచ్చాను, సెల్ఫ్ నొక్కితే అది తనంతట తానే ఆగేలా. వైరింగుకు అయిదు వారాలు అడిగాను, ఇచ్చారు. కారు దసరాకే నడిచింది. అప్పటికింకా ముహూర్తాలు జోరందుకోలేదు.

ఈసారి టెస్టింగ్‌లో ఒకటే కొత్త రూలు. చార్జర్ తేవొద్దు, చాయ్ మధ్యలో తాగొద్దు. పదకొండు కిలోమీటర్లు తోలాలి, ఆపాలి, మనిషి మారాలి, మూడు నిమిషాలు కాగానే లేపాలి. ఫోన్లో టైమరు పెట్టి వాచ్‌మన్ తాత చేతికిచ్చాం. ఆయన ఆ పనిని మాకంటే గట్టిగా పట్టుకున్నాడు. ఒకసారి నా బెల్టు ఇంకా బిగించనే లేదు, "అయిపోయింది బిడ్డా, కొట్టు సెల్ఫు" అని అరిచాడు. కోయంబత్తూరు పోయేలోపు వేడి ఇంజనును అలా 31 సార్లు లేపాం. ఇరవై తొమ్మిదిసార్లు లేచింది. లేవని రెండుసార్లకూ కారణం వెతికాం. ఒకటి రిలే కాళ్లలో తుప్పు. రెండోది నేను న్యూట్రల్ చేయడం మర్చిపోవడం.

ఆ జనవరిలో ఎండ్యూరెన్స్‌లో పొడుగోడు దిగాడు, నేను ఎక్కాను. నొక్కాను. లేచింది. తర్వాతి పదకొండు కిలోమీటర్లు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. రెండు కోన్లు తన్నాను, వెనకనుంచి వేగంగా వచ్చేవాళ్లకు నీలం జెండా చూసి రెండుసార్లు దారిచ్చాను. గీత దాటాక కారును ఎవరూ ముట్టకుండా పక్కన పెట్టి, ట్యాంకు నిండా పెట్రోల్ కొలిచి పోశారు. ఎంత పడితే అంత తాగినట్టు, దానికీ మార్కులు. 2.2 లీటర్లు పట్టింది. మేం మొదటి పదిలో లేం, చివరి పదిలో కూడా లేం.

వరంగల్ వచ్చాక స్వీటు డబ్బా పట్టుకుని ఫంక్షన్ హాలుకు పోయాను. తాత గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు. లోపల పెద్ద పెళ్లి, బారాత్‌కు గుర్రం వచ్చి నిలబడి ఉంది.

"తాతా, మైలేజ్ తెలిసింది. లీటరుకు పది."

తాత లడ్డూ ముక్క నోట్లో వేసుకుని ఆలోచించాడు.

"పెట్రోలా, డీజిలా?"